ఏడో వ్యసనం అవుట్ ఫర్ డెలివరీ

వస్తువులు కొనడం కూడా ఒక జబ్బేనని ఈ మధ్య డాక్టర్లు అంటున్నారు. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఖండించే అర్హత నాకుంది. అద్దె ఇంట్లో ఉంటూ డ్రిల్లింగ్ మిషన్ కొన్నవాణ్ని. గోడకి మేకు కొడితే ఓనరు అడ్వాన్సులో కోస్తాడు. అయినా కొన్నాను. దాంతోపాటు 46 బిట్లు ఇస్తున్నారు, పైగా ‘ఇంక రెండే మిగిలాయి’ అని ఎర్రక్షరాల్లో రాసి ఉంది. (ఎనిమిది నెలలైంది. ఇవాళ మళ్లీ చూశాను. ఇంకా రెండే ఉన్నాయి.)

నిజానికి ఈ విషయంలో పాశ్చాత్యులు కనిపెట్టిందేమీ లేదు. మన పెద్దలు సప్తవ్యసనాలు చెప్పినప్పుడే జూదం, పానం, వేటలతో పాటు సొమ్ము వమ్ము చేయడాన్నీ చేర్చారు. దానికి అర్థదూషణం అని పేరు కూడా పెట్టారు. నూరేళ్లకు పైగా క్రితం క్రేపెలిన్ అనే జర్మన్ మానసిక వైద్యుడు దీన్నే ఒనియోమేనియా అన్నాడు. గ్రీకులో ‘ఒనియోస్’ అంటే అమ్మకానికి ఉన్నది. పేరు పెట్టారు గానీ కూర్చోబెట్టడానికి ఇప్పటికీ పీట దొరకలేదు. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పుస్తకం తిరగరాసినప్పుడు జూదానికి వ్యసనాల పంక్తిలో విస్తరి వేశారు, దీనికి మాత్రం ఆధారాలు చాలవన్నారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ‘ఇతర’ అనే మూల కాస్త చోటు దొరికింది. అంటే నాది పూర్తి జబ్బు కాదు, ఇతరం. మా ఆవిడకి ఈ మాట చెప్పాను. ‘మీరు మొదట్నుంచీ ఇతరమే’ అంది.

ఇందులో సుఖం వస్తువులో లేదట, దానికోసం ఎదురుచూడటంలో ఉందట. మెదడులో డోపమైన్ అనే రసాయనం, కోరింది దక్కినప్పటికంటే దక్కబోతోందన్నప్పుడే ఎక్కువ ఎగురుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. పెళ్లికంటే పెళ్లిచూపులు బాగుంటాయని మనకి ఎవరూ ప్రయోగశాలలో నిరూపించాల్సిన పని లేదు. పార్శిల్ హైదరాబాద్ గోడౌన్ దాటింది, మన ఊరు చేరింది, అవుట్ ఫర్ డెలివరీ... అక్కడిదాకా నా గుండె సినిమా పాటలా కొట్టుకుంటుంది. డబ్బా చేతికొచ్చాక టేపు కోయడానికే బద్ధకం. మంచం కింద ఇంకా విప్పనివి నాలుగున్నాయి. ఒకదాంట్లో ఏముందో నాకూ తెలీదు. అది తెలుసుకోవాలనే ఆత్రం కూడా ఒక సుఖమే కాబట్టి విప్పడం లేదు.

పోనీ మానేద్దామంటే ఏ నెలలో మానాలి? ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు, బట్టల కొట్లు ఈగలు తోలుకోవాల్సిన నెల. ఆ శూన్యమాసాన్నే డిస్కౌంటు మాసం చేసిన మేధావి ఎవరోగానీ ఆయనకి గుడి కట్టాలి. తర్వాత శ్రావణం, దసరా, ధనత్రయోదశి, సంక్రాంతి. అక్షయ తృతీయ నాడు కొంటే అక్షయమవుతుందంటారు. నాకు అక్షయమైంది కార్డు బాకీ. బిల్లు 40,000. ‘కనీస చెల్లింపు 2,000 చాలు’ అని బ్యాంకువాళ్లు ఎంతో దయగా రాస్తారు. నెలకి 3.5 శాతం లెక్కన వడ్డీ 1,400, దానిమీద జీఎస్టీ 252. అసలులో తగ్గింది 348 రూపాయలు. ఊళ్లో వడ్డీ వ్యాపారి అయితే కనీసం గడప దగ్గర నిలబడి అరిచేవాడు, నలుగురికీ తెలిసేది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 2023 నవంబరులో ఆన్‌లైన్ అంగళ్ల మాయోపాయాలు పదమూడింటికి పేర్లు పెట్టి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, బుట్టలోకి అడగనివి దూర్చడం, వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయడం అన్నీ అందులో ఉన్నాయి. నామకరణం ఘనంగా జరిగింది. పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, రోజూ నా ఫోన్లోనే ఆడుకుంటున్నారు.

నన్ను అసలు ఆశ్చర్యపరిచేది బంధువులు. తాగొస్తే బాబాయి మందలిస్తాడు, పేకాడితే మేనమామ పంచాయితీ పెడతాడు. కొనుక్కొస్తే మాత్రం ‘ఎంతకి పడిందిరా?’ అని అడిగి లింకు పంపమంటారు. డబ్బాలు పార్కింగులో దాచిపెట్టి, మా ఆవిడ గుడికెళ్లినప్పుడు దొంగలా మోసుకొస్తానని చెప్పినా నవ్వుతారు. సీసాలు దాచేవాణ్ని చూసి ఎవరూ ఇలా నవ్వరు. ఒక్క వాచ్‌మన్‌కే నా పరిస్థితి మీద సరైన అవగాహన ఉంది. ఖాళీ అట్టడబ్బాలు తూకానికి వేసుకుంటాడు. వారం రోజులు ఏమీ రాకపోతే ‘ఒంట్లో బాలేదా సార్?’ అని అడుగుతాడు. ఆ డ్రిల్లింగ్ మిషన్‌ని పాత సామాన్ల యాప్‌లో పెడితే పావు ధరకి కూడా బేరం రాలేదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

చివరికి మా ఆవిడ కౌన్సెలర్ దగ్గరికి లాక్కెళ్లింది. దీనికి ప్రత్యేకంగా మందుబిళ్ల లేదట. ఆలోచనని, అలవాటుని మెల్లగా మార్చుకోవాలట. ‘నచ్చింది కార్టులో పెట్టండి, కొనకుండా ఒక్కరోజు ఆగండి’ అన్నారు కౌన్సెలర్. బుద్ధిగా ఆగాను. చేతులు పీకాయి, నిద్ర పట్టలేదు, అయినా ఆగాను. తెల్లారేసరికి యాప్ నుంచి మెసేజ్: ‘మీ కార్టు మీకోసం ఎదురుచూస్తోంది, మీకు మాత్రమే 12 శాతం తగ్గింపు!’

ఒక్కరోజు ఓపికకి 12 శాతం. ఇప్పుడు కార్టులో పదకొండు వస్తువులు పెట్టి ఆగుతున్నాను. వైద్యం బాగా పనిచేస్తోందని మా ఆవిడకి చెప్పాను.