పరిమిత బీరు: గుమ్మం ముందు వరుసా, ముందస్తు కేటాయింపా?

చిన్న బ్రూవరీలు తక్కువ మోతాదులో కాచే క్రాఫ్ట్ బీరును ఏళ్ల తరబడి శ్రద్ధగా తాగుతూ వచ్చిన ఇద్దరు మిత్రుల మధ్య జరిగిన వాదోపవాదం ఇది. "పేరున్న బ్రూవరీలు తమ పరిమిత విడుదల బీరును గుమ్మం దగ్గరే, వచ్చినవారు వచ్చిన వరుసలోనే అమ్మాలి" అన్నది ప్రతిపాదన. వాది దీనిని సమర్థించారు, ప్రతివాది వ్యతిరేకించారు. నా మొగ్గు ప్రతివాది వైపే ఉందని ముందే చెబుతున్నాను. అయినా వాది మాటల్లో కొన్నింటికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు కాబట్టి వాటిని కుదించకుండా ఉన్నవి ఉన్నట్టే రాశాను.

వాది: ముందుగా ఒక అపోహ తొలగాలి. పరిమిత విడుదల అనగానే, గిరాకీ పెంచడానికి బ్రూవరీ కావాలని సృష్టించిన కొరత అని చాలామంది అనుకుంటారు. అన్ని బీర్ల విషయంలో అది నిజం కాదు. బోర్బన్ విస్కీ ఖాళీ అయిన ఓక్ పీపాలో స్టౌట్‌ను, అంటే నల్లటి చిక్కటి బీరును, ఊరబెట్టాలంటే ఎనిమిది నెలలో, ఏడాదో ఆగాలి. ఒక పీపాలో పట్టేది 53 అమెరికన్ గ్యాలన్లు, అంటే రమారమి 200 లీటర్లు. కొయ్య పీల్చుకున్నదీ, ఆవిరైపోయినదీ, అడుగున మడ్డిగా మిగిలినదీ తీసేస్తే 355 మిల్లీలీటర్ల సీసాలు ఐదువందల దాకా వస్తాయి. ఏ పీపాకైనా పులుపు తగిలితే మొత్తం పారబోయవలసిందే. బ్రస్సెల్స్‌లో 1900 నుంచి నడుస్తున్న కాంటియాన్ బ్రూవరీ సంగతి చూడండి. గాలిలోని సహజమైన ఈస్టుతో పులిసే లాంబిక్ బీరును వారు చలి ఉన్న నెలల్లోనే కాస్తారు, ఎందుకంటే వేసవి రాత్రుల్లో ఆ కాచిన రసం తగినంతగా చల్లారదు, అక్కరలేని సూక్ష్మజీవులు ముందుగా చేరిపోతాయి. ఇంత కష్టం మీద వచ్చిన కొద్దిపాటి సరుకును ఎవరికి ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. ధర పెంచితే అది డబ్బున్నవారికి పోతుంది, లాటరీ తీస్తే అదృష్టం ఉన్నవారికి పోతుంది, వరుస పెడితే మాత్రం ఆ బీరు కోసం చీకటితో లేచి వచ్చినవారికి దక్కుతుంది. ఈ మూడింటిలో చివరిదే నాకు న్యాయంగా తోస్తుంది.

ప్రతివాది: కొరత నిజమైనదేనన్న మాటను నేను కాదనడం లేదు. మీరు "చీకటితో లేచి వచ్చినవారికి" అన్నారే, నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. శనివారం ఉదయం ఐదింటికి ఎవరు రాగలరు? రాత్రి డ్యూటీ దిగిన నర్సు రాలేదు, చంటిబిడ్డను ఇంట్లో వదలలేని తల్లి రాలేదు, మోకాళ్ల నొప్పితో బాధపడే పెద్దాయన వచ్చినా నిలబడలేడు. వీరందరికీ ఆ బీరు మీద మీకున్నంత ఇష్టం ఉండవచ్చు. వరుస కొలిచేది ఇష్టాన్ని కాదు, ఖాళీ సమయాన్ని.

నాకు జరిగినది చెబుతాను. ఒక పేరున్న బ్రూవరీ పీపాలో ఊరిన స్టౌట్‌ను విడుదల చేస్తోందని తెలిసి తెల్లవారుజామున ఐదున్నరకు అక్కడికి చేరాను. తలుపులు తెరిచేది పదింటికి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా నాలుగు గంటలు అక్కడే నిలబడ్డాను. తొమ్మిదిన్నరకు సిబ్బందిలో ఒక అమ్మాయి, నొక్కితే అంకె మారే చిన్న లెక్కల మీట చేత పట్టుకుని బయటికి వచ్చి, మనిషికొక నొక్కు చొప్పున లెక్కపెడుతూ నడిచింది. నాకు ముందున్న పదకొండో మనిషి దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. "ఇక్కడి నుంచి వెనక ఉన్నవారికి దొరకదు, క్షమించండి" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత ఇబ్బంది పడిందో ముఖంలోనే కనిపించింది. కానీ ఎన్ని సీసాలు నింపారో బ్రూవరీకి ముందు రోజే తెలుసు, మనిషికి రెండు సీసాలన్న పరిమితి కూడా వారు పెట్టినదే. ఆ సంఖ్యను రెండుతో భాగించడానికి మర్నాడు తొమ్మిదిన్నర దాకా ఎందుకు ఆగారు? మా వెనక ఇంకా ఎంతోమంది ఉన్నారు. వారెవరూ ఆరింటి తరువాత అక్కడ నిలబడి ఉండవలసిన అవసరమే లేదు.

వాది: మీకు జరిగినది అన్యాయమే. అయితే అది నిర్వహణలో లోపం. దానిని వరుస పద్ధతికి అంటగట్టడం సరికాదు. సంఖ్యను ముందే ప్రకటించే బ్రూవరీలు ఉన్నాయి, వచ్చినవారి మణికట్టుకు పట్టీ కట్టి వరుసను ఖరారు చేసేవారూ ఉన్నారు.

వరుస నాకేమిచ్చిందో కూడా వినండి. నేను బీరు రుచి చూడడం నేర్చుకున్నది బార్లలో కాదు, ఆ వరుసల్లోనే. ఒకసారి ఏడు గంటల వేళ నా పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న వ్యక్తి, ఆ రోజు విడుదల కానున్న బీరుదే నాలుగేళ్ల నాటి సీసాను సంచిలోంచి తీసి మూత విప్పాడు. బొటనవేలంత కప్పుల్లో అటు ఆరుగురికి, ఇటు ఆరుగురికి పోశాడు. అంతకుముందు ఆయన మాలో ఎవరికీ తెలియదు. కొత్తగా ఉన్నప్పుడు ముక్కుకు కొట్టే కాఫీ వాసన అందులో పూర్తిగా పోయింది, ఎండు ఖర్జూరం లాంటి తీపీ, దాని వెనక కొయ్య వగరూ మిగిలాయి. ఏ బీరును దాచాలి, దేనిని వెంటనే తాగాలి అన్నది ఆ ఒక్క గుక్కతో నాకు అర్థమైంది. మీ కంప్యూటరు తెర మీది బటను నాకు ఆ గుక్క ఇస్తుందా?

కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో రష్యన్ రివర్ బ్రూవరీ 2005 నుంచి ఏటా 'ప్లినీ ద యంగర్' అనే ట్రిపుల్ ఐపీఏను, అంటే చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు బాగా దట్టించిన గాఢమైన బీరును, విడుదల చేస్తోంది. ఆల్కహాల్ పది శాతం పైచిలుకు ఉండే ఆ బీరు దొరికేది ఏడాదికి ఒకసారి, కొద్ది వారాల పాటే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు గంటల కొద్దీ వరుసలో నిలబడతారు. ఆ రోజుల్లో వచ్చే జనం వల్ల హోటళ్లకూ దుకాణాలకూ ఎంత ఆదాయం చేరుతోందో ఆ ఊరున్న సోనోమా కౌంటీ (జిల్లా) ఆర్థికాభివృద్ధి విభాగం లెక్కగట్టి మరీ నివేదికలు ఇచ్చింది. ఒక బీరు ఒక ఊరికి పండుగైన సందర్భం అది.

ప్రతివాది: నాలుగేళ్ల సీసా సంగతి విన్నాక నాకూ అసూయ కలిగింది, దాచుకోను. కానీ ఊరికి పండుగ అన్నారు కాబట్టి మరో ఊరి సంగతి చెప్పాలి. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో ది ఆల్కెమిస్ట్ అనే చిన్న బ్రూవరీ పబ్బును 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరద ముంచేసింది. ఆ వెంటనే వారు 'హెడీ టాపర్' బీరును క్యాన్లలో నింపడం మొదలుపెట్టారు, దాని పేరు దేశమంతా పాకింది. చివరికి కార్లు రోడ్డు నిండా ఆగిపోయి, ఇరుగుపొరుగుల ఫిర్యాదులు పెరిగి, 2013 నవంబరులో ఆ బ్రూవరీ తన సొంత అమ్మకపు దుకాణాన్నే మూసుకోవలసి వచ్చింది. వరుస బ్రూవరీ ప్రహరీ దగ్గర ఆగదు, పక్కింటివారి వాకిలి దాకా వెళుతుంది. బీరు ముట్టనివారు కూడా దాని భారం మోయాలి.

ఇక వరుసలో ఉన్నవారంతా బీరు ప్రియులేనా? డబ్బు తీసుకుని ఇతరుల కోసం నిలబడేవారు ఉంటారు. ఒకే మనిషి ఆరుగురు మిత్రులను వెంటబెట్టుకు వచ్చి పద్నాలుగు సీసాలు పట్టుకుపోతాడు. మధ్యాహ్నానికల్లా అవే సీసాలు బ్లాకులో మూడింతల ధరకు కనిపిస్తాయి. పొద్దుటి నుంచి నిలబడి ఉత్తచేతులతో ఇంటికి చేరినవాడు ఆ ధర చూసినప్పుడు, ఆ బ్రూవరీ మీద ఉన్న అభిమానంలో ఎంత మిగులుతుందో ఊహించండి.

వాది: బ్లాకు అమ్మకం వరుస వల్ల పుట్టిందంటే ఒప్పుకోను. మీరు చెప్పిన హెడీ టాపర్‌నే 2013లో క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల వెబ్‌సైటులో ఐదు పెట్టెలు అమ్మజూపినందుకు వెర్మాంట్‌లో ఒకరి మీద లైసెన్సు లేని అమ్మకం కింద కేసు పెట్టారు. సరుకు తక్కువ, కోరేవారు ఎక్కువ అయినప్పుడు ఏ పద్ధతి పెట్టినా మధ్యలో ఒకడు దూరతాడు. గుమ్మం దగ్గరైతే మనిషి మనిషిగానే లెక్కకు వస్తాడు, తన రెండు కాళ్ల మీద తాను నిలబడాలి. ఆన్‌లైన్‌లో ఒకే మనిషి ఇరవై ఖాతాలు తెరుస్తాడు. సరిగ్గా పన్నెండు గంటలకు అమ్మకం తెరుచుకుంటుంది, సీసాలు బుట్టలో వేసుకుంటాం, డబ్బు కట్టే పేజీకి వెళ్లేలోపు బుట్ట ఖాళీ. నలభై సెకన్లలో అంతా అయిపోయిందంటారు. నాలుగు గంటలు నిలబడి ఓడిపోతే కనీసం ఎందుకు ఓడిపోయామో తెలుస్తుంది. ఇక్కడ అదీ తెలియదు.

ప్రతివాది: ఆన్‌లైన్‌ను పరుగుపందెంలా నడిపితే మీరన్నది అక్షరాలా నిజం. నేను అడుగుతున్నది అలాంటి పందెం కాదు, కేటాయింపు. దానికి బెల్జియంలోని సింట్ సిక్స్‌టస్ అనే క్రైస్తవ మఠం మంచి ఉదాహరణ. అక్కడి సన్యాసులు కాచే 'వెస్ట్‌వ్లెటెరెన్ 12' ప్రపంచంలోనే ఉత్తమమైన బీరుగా పేరు తెచ్చుకున్నాక మఠం ముందు కార్లు బారులు తీరాయి. వారి జీవితానికి సరిపడినంత మాత్రమే కాస్తారు, గిరాకీ ఉంది కదా అని ఎక్కువ చేయరు. అందుకని ఫోను ద్వారా ముందుగా పేరు నమోదు చేసుకుని, కారు నంబరు చెప్పి, ఇచ్చిన సమయానికి వచ్చి తీసుకువెళ్లే పద్ధతి పెట్టారు. అలా కొన్నవారు మళ్లీ కొనాలంటే 60 రోజులు ఆగవలసి ఉండేది. ఫోను ఎప్పుడూ ఎంగేజే అన్న ఫిర్యాదు ఉండేది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థ, మఠంలో రెండు యూరోలకు లోపే దొరికే సీసాను పది యూరోలకు దగ్గరగా అమ్మింది. తమ అనుమతి లేకుండా, తమ విలువలకు విరుద్ధంగా జరిగిన ఆ అమ్మకాన్ని సన్యాసులు బహిరంగంగానే ఖండించారు. 2019లో ఫోనును పక్కనపెట్టి వెబ్‌సైటు తెచ్చారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది: కిందటిసారి కొని ఎక్కువ కాలమైనవారికి ముందు అవకాశం. ఎవరి వేలు వేగంగా కదిలిందన్నది కాదు, ఎవరు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారన్నది లెక్క. బీరు తీసుకోవడానికి మాత్రం అప్పట్లో మనిషి మఠం దాకా రావలసి ఉండేది.

వాది: ఆ నియమం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ మఠానికి లాభాపేక్ష లేదు, అప్పు కట్టే తొందరా లేదు. కొత్తగా పెట్టిన బ్రూవరీకి విడుదల రోజున వచ్చే జనమే ఆధారం. రెండు సీసాల కోసం వచ్చినవారు లోపల కూర్చుని మామూలు బీరు తాగుతారు, భోజనం చేస్తారు. సిబ్బంది జీతాలు నడిచేది ఆ అమ్మకాల మీదే. పైగా మబ్బుగా ఉండే ఐపీఏల వంటివి కొద్ది వారాల్లోనే వాసన కోల్పోతాయి. ఆక్సిజన్ తగిలినా, వెచ్చటి గోదాములో ఉన్నా హాప్స్ పరిమళం చచ్చిపోతుంది. గుమ్మం దగ్గర కొన్నవారికే ఆ తాజాదనం దక్కుతుంది.

ప్రతివాది: తాజాదనానికి గుమ్మం కావాలి, వరుస అక్కరలేదు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు ఎన్నో బ్రూవరీలు ముందుగా డబ్బు కట్టించుకుని, సమయం కేటాయించి, కారు దిగకుండానే డబ్బా చేతికిచ్చాయి. బీరు రుచి తగ్గిందని ఎవరూ అనలేదు. అదే ఏడాది మిషిగన్‌కు చెందిన ఫౌండర్స్ బ్రూవరీ, ఒకప్పుడు జనం వేటాడి కొన్న తన 'కేబీఎస్' స్టౌట్‌ను ఏడాది పొడవునా అమ్మడం మొదలుపెట్టింది. దానిని కాచగలిగినప్పుడు కాచారు, అందరికీ అందించారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

షికాగోలోని గూస్ ఐలాండ్ బ్రూవరీ సంగతి కూడా గుర్తుచేస్తాను. 2015లో విడుదలైన వారి బోర్బన్ కౌంటీ బీర్లలో కొన్నిటికి లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా సోకి పులుపెక్కాయి. 2016 జనవరిలో ఆ సంస్థ విషయం బయటపెట్టి డబ్బు వాపసు ఇచ్చింది. నిజాయితీగా చేసిన పని అది, మెచ్చుకుంటాను. కానీ ఆ సీసాల కోసం నవంబరు చలిలో దుకాణాల ముందు నిలబడ్డవారి గంటలను ఎవరు వాపసు ఇస్తారు? ఆ గంటలకు బిల్లు ఉండదు కాబట్టి వాటికి ఖరీదు లేదని బ్రూవరీలు అనుకుంటున్నాయి. నా పోరాటమంతా ఆ ఆలోచనతోనే.

వాది: అయితే ఒక మెట్టు దిగుతాను. ఎన్ని సీసాలున్నాయో ముందు రోజు సాయంత్రమే తలుపు మీద రాసి పెట్టాలి. వచ్చినవారికి వచ్చినట్టే అంకె వేసిన టోకెను చేతికివ్వాలి, టోకెన్లు అయిపోయిన క్షణాన ఆ మాట బయట చెప్పాలి. సరుకులో సగం మాత్రం గుమ్మానికి ఉంచండి, మిగతా సగం మీ మఠం పద్ధతిలో కేటాయించండి.

ప్రతివాది: ఆ సగానికి నేను ఒప్పుకుంటాను. టోకెను చేతికి వచ్చాక నిలబడవలసిన పనిలేదు. కావాలనుకున్నవారు ఇంటికి పోయి పదింటికి వస్తారు, మిగిలినవారు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. మీ నాలుగేళ్ల సీసా అప్పుడు కూడా తెరుచుకుంటుంది కదా?

వాది: అదే నాకు అనుమానం. ఆయన ఆ సీసాను మా కోసం తేలేదు, ఐదు గంటలు అక్కడే గడపాలని తెలిసి తెచ్చుకున్నాడు. టోకెను జేబులో పెట్టుకుని ఇంటికి పోయే వీలుంటే ఆయనా పోయేవాడేమో.