మారటోరియం అయితే ఊరట, రేషన్ బియ్యం అయితే సోమరితనం

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్. ఉచితాలిచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారట, అదీ మన ట్యాక్స్ డబ్బులతో. కింద వరసగా నమస్కారాలు, చప్పట్లు. మామూలుగా ఇలాంటివి చూసి ఊరుకుంటాను. నిన్న మాత్రం మనసొప్పలేదు. గ్రూపులో రాస్తే మెయింటెనెన్స్ మీటింగులో మొహమొహాలు చూసుకోలేం, అందుకే ఇక్కడ రాస్తున్నా.

2020లో నా సంగతి చెప్తాను. లాక్‌డౌన్ మొదలైన రెండో నెలకే మా కంపెనీ జీతాలు కోసేసింది. అప్పటికి నాకు నెలకు డెబ్బై వేల పైనే వస్తోంది. ఇంటి లోను, కారు లోను, క్రెడిట్ కార్డు బాకీ. చేతిలో మిగులు ఎంతంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది, ఒక నెల ఇల్లు గడవడానికి కూడా చాలదు. కారు అవసరమై కొన్నది కూడా కాదు. తోడల్లుడు కొన్నాడని కొన్నాను.

మరి ఎలా బయటపడ్డాను? రిజర్వ్ బ్యాంకు ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా ఈఎంఐలు ఆపుకోవచ్చంది. మారటోరియం అంటే అదే. ఆపేశాను. పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీసుకోనిచ్చారు, తీసుకున్నాను (అది నా డబ్బే అనుకోండి). అడక్కుండానే మామగారు యాభై వేలు వేశారు. నవంబరులో చూస్తే ఖాతాలో పందొమ్మిది వందల చిల్లర పడి ఉంది. ఆ ఆరు నెలల వడ్డీ మీద పడే వడ్డీని రెండు కోట్ల లోపు అప్పున్నవాళ్లకి కేంద్రం తిరిగి ఇచ్చింది. ఇంటి లోనుకీ, కారు లోనుకీ, ఆఖరికి క్రెడిట్ కార్డు బాకీకి కూడా. ఈఎంఐలు ఆపకుండా కట్టినవాళ్లకీ ఇచ్చారు. మా గ్రూపులో ఎవరైనా ఆ డబ్బు వెనక్కి పంపారేమో నాకైతే తెలీదు. నన్ను మాత్రం ఎవరూ సోమరిపోతు అనలేదు.

అదే ఏడాది మా వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చినవాడు. జీతం తొమ్మిది వేలు, భార్య మూడిళ్లలో పనిచేసేది. ఆ మూడిళ్లూ రావద్దన్నాయి, అందులో ఒకటి మాది. మొదటి నెల జీతం ఇచ్చాం, రెండో నెల నుంచి ఇవ్వలేదు. ఆమె పిల్లల్ని తీసుకుని ఊరెళ్లి కరువు పనిలో చేరింది. అప్పట్లో కాగితం మీద దాని పేరు ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరిలో దాన్ని మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఊళ్లలో మాత్రం చాలామందికి అది కరువు పనే. ఆ ఏడు రోజు కూలి రేటు 237 రూపాయలు. తవ్విన మట్టి కొలత తక్కువొస్తే అదీ పూర్తిగా పడేది కాదు. నడి ఎండలో గడ్డపారతో మట్టి తవ్వితే వచ్చే డబ్బుని ఉచితం అనేవాళ్లు ఒక్క పూట వెళ్లి తవ్వి రావాలి. ఇంకో పక్క తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకి 1500 ఇచ్చింది.

ఆ నెలల్లో కూడా అతను వెయ్యి రూపాయల చిట్టీ ఒక్కటీ తప్పలేదు. ఎలాగయ్యా అంటే, "చిట్టి కట్టకపోతే మళ్ల ఎవ్వడు నమ్ముతడు సార్? బియ్యం వచ్చినయ్, గా పైసలు చిట్టికి మళ్లిచ్చిన" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, మా ఇద్దరిలో బాధ్యత ఉన్నదెవరికి? ఆ బియ్యమే లేకపోతే చిట్టీ ఆగేది, నూటికి పది వడ్డీకి అప్పు చేసేవాడు, ఇవాళ్టికీ అది తీరుస్తూ ఉండేవాడు. నేను అన్ని తప్పులు చేసీ నిలబడ్డాను. నేను జారితే పట్టుకునేవి నాలుగున్నాయి, అతనికి ఉన్నవి రెండే, రేషనూ కరువు పనీ. ఆ రెండింటినే మనం గ్రూపుల్లో తిడుతున్నాం.

రేషన్ బియ్యం అమ్ముకోవడం లేదా అంటారు. అమ్ముకుంటారు. వీధిలో ఆటో తిప్పుతూ కొనుక్కెళ్లేవాళ్లని నేనూ చూశాను. ఆ దొడ్డు బియ్యం మీ ఇంట్లో ఒక్క పూట వండి చూడండి, ఎందుకమ్ముతారో తెలుస్తుంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్న బియ్యం ఇస్తున్నారు. మా వాచ్‌మన్ ఇంట్లో ఇప్పుడు అవే వండుతున్నారు. కూలీలు దొరకట్లేదని మా పెదనాన్న కూడా కరువు పనిని తిడతాడు. ఎంతిస్తానన్నావు పెదనాన్నా అని అడిగితే మాట మార్చేస్తాడు. ఎన్నికలప్పుడు ఖజానా చూసుకోకుండా కురిపించే హామీలన్నిటినీ నేను వెనకేసుకు రావట్లేదు, అది వేరే పోస్టు.

అన్నట్టు, నిన్నటి ఫార్వర్డ్ పెట్టిన అంకులే ఇవాళ పొద్దున గ్రూపులో అడిగారు: "ఆస్తి పన్ను బకాయిల మీద ఈసారి కూడా 90 శాతం వడ్డీ మాఫీ ఇస్తారంటారా? ఇచ్చేట్టుంటే ఆగుదాం."

అందరూ ఆగుదామనే అన్నారు.