గుమ్మానికి కట్టే ఎర్రచుక్క కథ

"ఎర్రని ఐదు కోణాల నక్షత్రాన్ని గుమ్మానికి కట్టండి. ఐదువేల ఏళ్లుగా చైనావాళ్లు చేస్తున్నది ఇదే. 2024లో తొమ్మిదో నక్షత్రం ఇళ్ల మీదికి వచ్చింది. ప్రాచీన చైనా కవులకు నక్షత్రమంటే అదృష్టమే." ఈ ఫార్వర్డ్ మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు తిరిగింది. మా పిన్ని చుక్క తెప్పించేసింది కూడా. ఆవిడతో వాదించే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు ఆకారం సంగతి. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన తాంగ్ కాలపు (7-10 శతాబ్దాల) నక్షత్ర పటంలో 1300కు పైగా నక్షత్రాలున్నాయి. అన్నీ గుండ్రటి చుక్కలే, మన ముగ్గుల్లోలాగా గీతలతో కలిపారు. 1247లో సుజౌలో రాతి మీద చెక్కిన పటంలోనూ కోణాల్లేవు. చైనా జెండా మీది ఐదు కోణాల నక్షత్రాలు 1949 నాటి రాజకీయ గుర్తు. పెద్దది కమ్యూనిస్టు పార్టీకి, చిన్నవి ప్రజల్లోని నాలుగు వర్గాలకు.

ఐదువేల ఏళ్లు? ఇలాంటివన్నీ ఫెంగ్ షుయ్, అంటే చైనా వాస్తు, పేరు మీదే చెబుతారు. ఆ మాటకు మూలంగా చెప్పే గ్రంథం 4వ శతాబ్దపు పండితుడు గువో పు పేరు మీద ఉంది. అది శవాన్ని ఎక్కడ పాతిపెట్టాలో చెప్పేది, గుమ్మం గురించి కాదు. హెనాన్ రాష్ట్రంలో 1987లో బయటపడ్డ ఆరువేల ఏళ్ల సమాధిలో గవ్వలతో పేర్చిన డ్రాగన్, పులి (తర్వాతి చైనా ఖగోళంలో ఇవి తూర్పు, పడమర ఆకాశానికి గుర్తులు) ఉన్న మాట నిజమే. ఆకాశం మీద వాళ్లకున్న గురి అంత పాతది. గుమ్మానికి కట్టే చుక్క కాదు.

ఇక "వచ్చిన" తొమ్మిదో నక్షత్రం. ఫెంగ్ షుయ్‌లో ఎగిరే నక్షత్రాలంటే 1 నుంచి 9 దాకా అంకెలు. ఎటు కూడినా 15 వచ్చే తొమ్మిది గళ్ల చదరంలో వాటిని జరుపుతారు. పేర్లు మాత్రం సప్తర్షి మండలంలోని ఏడు చుక్కలవీ, వాటికి తోడు చేర్చిన మరో రెండింటివీ. ఒక్కో అంకెకు 20 ఏళ్లు, మొత్తం చక్రం 180 ఏళ్లు. 2024లో 9 వంతు మొదలైంది, 2043 దాకా ఉంటుంది. అంతే. మన పంచాంగంలో రోహిణి అంటే ఆకాశంలో చూపించవచ్చు. ఈ తొమ్మిదో నంబరు ఇంటి మీదికొచ్చిందంటే ఎక్కడ చూపిస్తారు?

అసలు కోపం తెప్పించింది కవుల మాట. తాంగ్ కాలపు కవి దూ ఫు ఒక పాత మిత్రుణ్ని ఇరవై ఏళ్ల తర్వాత కలిసినప్పుడు, మనుషులు కలవకుండా బతకడాన్ని షెన్, షాంగ్ నక్షత్రాలతో పోల్చాడు. షెన్ మన మృగశిర దగ్గరిది, షాంగ్ మన జ్యేష్ఠ. ఒకటి ఉదయిస్తే ఇంకొకటి అస్తమిస్తుంది. రోజూ ఆయుధాలు పట్టి కొట్టుకునే అన్నదమ్ముల్ని విడదీసి చెరో నక్షత్రం కిందికి పంపారని పాత కథ. నేత పిల్ల (మన అభిజిత్), పశువుల కాపరి (మన శ్రవణం) మధ్య పాలపుంత ఏరై పారుతుంది. సుమారు రెండువేల ఏళ్ల నాటి హాన్ కాలపు పద్యంలో వాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు, మాట్లాడుకోలేరు. ఇందులో అదృష్టం ఎక్కడుంది? ఇంతకీ దరిద్రం తెచ్చేవాణ్ని చైనీయులు ఇప్పటికీ "చీపురు నక్షత్రం" అని తిడతారు. అది తోకచుక్క.

శుభానికీ చుక్కలకూ సంబంధమే లేదని నేననను. దీర్ఘాయువు ఇచ్చే ముసలాయన నక్షత్రం ఒకటుంది. అది మన అగస్త్య నక్షత్రమే. కనబడితే దేశానికి శాంతి, కనబడకపోతే యుద్ధమని హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. పాత రాజధాని ఉన్న షియాన్ ప్రాంతంలో అది దక్షిణ దిగంతం నుంచి మూడు డిగ్రీలు లేస్తే గొప్ప. హైదరాబాద్‌లో ఫిబ్రవరి సాయంత్రాల్లో ఇరవై డిగ్రీల ఎత్తున ఊరికే కనబడుతుంది. ఆ లెక్కన మనకి యుద్ధాలే ఉండకూడదు!

చైనా తొలి కవితా సంకలనంలో, 305 పాటల మధ్య, తూర్పు ప్రాంతం వాళ్ల గోడు ఒకటుంది. పన్నులు కట్టికట్టి ఉత్తచేతులతో మిగిలినవాళ్లు ఆకాశం వైపు చూస్తారు. నేత పిల్ల గుడ్డ నేయదు. ఎద్దు నక్షత్రం బండి లాగదు. దక్షిణాన చేట అనే చుక్కల గుంపు ఉంది, దాంతో చెరగలేం. ఉత్తరాన గరిటె ఉంది, దాంతో సారా ముంచుకోలేం. పైగా ఆ గరిటె కాడ పడమటి వైపు తిరిగి ఉందట. పన్నులు లాక్కునే దొరలు ఉండేదీ ఆ పడమటే.

పిన్ని తెప్పించిన చుక్క 799 రూపాయలు, డెలివరీ ఖర్చు అదనం.