గోడ మీద గీత: కారు బల్బు తీసి ఎల్‌ఈడీ పెడితే ఏమవుతుంది?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కారు సామాన్ల షాపు కుర్రాడికి నా హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులు బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. "తెల్లగా కొడ్తది సార్, రాత్రి పగలైతది" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. బానెట్ మూసి లైట్లు వేస్తే ఎదురు షాపు షట్టర్ మీద తుప్పు మరకలు కూడా లెక్కపెట్టుకునేలా కనిపించాయి. మూడున్నర వేలు చేతిలో పెట్టి, నా పదేళ్ల పాత కారుకు చూపు తిరిగొచ్చిందన్న సంబరంతో ఇంటికొచ్చాను.

ఆ సంబరం చేవెళ్ల రోడ్డు ఎక్కేదాకే. మర్రిచెట్ల మధ్య, డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లన్నీ నాకు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టాయి. నేనేమో లోబీమ్‌లోనే, అంటే వెలుగు కిందికి వంగి రోడ్డు మీదే పడేలా పెట్టుకునే ఉన్నాను. డ్యాష్‌బోర్డు మీద హైబీమ్ వేస్తే వెలిగే నీలం గుర్తు కూడా లేదు. వీళ్లకేం పోయేకాలం అని మొదట విసుక్కున్నాను. బైక్ మీద వస్తున్న ఒకాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్క మట్టిలోకి దిగిపోయాక గానీ తప్పు నాదేమోనన్న అనుమానం రాలేదు.

మర్నాడు రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పరీక్ష పెట్టాను. కుడివైపు ఎల్‌ఈడీ ఉంచి, ఎడమవైపు పాత హాలోజన్ బల్బు మళ్లీ పెట్టాను. గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో కారు ఆపి, ఒక్కో లైటునూ అట్టముక్కతో మూస్తూ చూశాను. హాలోజన్ వెలుగు పచ్చగా, నీరసంగా ఉంది. కానీ గోడ మీద నడుమెత్తు కంటే కొంచెం కింద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. గీత కింద వెలుగు, పైన చీకటి. ఎడమ కొసన మాత్రం ఆ గీత ఏటవాలుగా పైకి లేచింది. ఎల్‌ఈడీ వైపు గీత లేదు. తెల్లటి మరక ఒకటి గోడంతా పాకి, పైన సీలింగు కింద పోతున్న నీళ్ల పైపుల దాకా ఎక్కింది. "ఏంది సార్, సినిమా ఏస్తున్నరా?" అన్నాడు వాచ్‌మన్.

ఆ గీతలోనే ఉంది విషయమంతా. మన దగ్గర చాలా పాత కార్లలో ఉండేది హెచ్4 బల్బు. అది హాలోజన్ బల్బే. అందులో ఫిలమెంట్లు, అంటే వేడెక్కి వెలిగే సన్నటి తీగలు, రెండు: హైబీమ్‌కు 60 వాట్లది, లోబీమ్‌కు 55 వాట్లది. లోబీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్ప ఒకటి ఉంటుంది. గాజులోంచి చూస్తే కనిపిస్తుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది. అందుకని లోబీమ్ వేసినప్పుడు బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నె, అదే రిఫ్లెక్టర్, దాని పై సగం మీదే వెలుగు పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. ఆ దొప్ప అంచే గోడ మీద గీత. ఎడమ కొస పైకి లేవడం కూడా కావాలని చేసిందే. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రోడ్డు పక్కన నడిచేవాళ్లు, బోర్డులు కనిపించాలి, కుడివైపు నుంచి ఎదురొచ్చేవాడి కళ్లలో పడకూడదు.

రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపునూ ఆ సన్నటి ఫిలమెంట్ కచ్చితంగా ఫలానా చోట ఉంటుందని లెక్కేసి తయారుచేస్తారు. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంట్ ఉండదు. ఒక పలకకు రెండు పక్కలా చిప్పులు అతికించి ఉంటాయి. ఫిలమెంట్ చుట్టూ అన్ని వైపులకూ వెలుగిస్తే, ఇవి రెండు వైపులకే ఎక్కువ ఇస్తాయి. చిప్పులు మిల్లీమీటరు ముందుకో వెనక్కో జరిగినా, పలక కాస్త మందంగా ఉన్నా రిఫ్లెక్టర్ లెక్క తప్పుతుంది. దొప్ప ఆకారంలో రేకు పెట్టామని డబ్బా మీద రాస్తారు. నా బల్బులకూ ఉంది. పైపుల మీదికి వెలుగెక్కకుండా మాత్రం అది ఆపలేకపోయింది.

డబ్బా మీది అంకెల సంగతి సరేసరి. ప్రమాణాల ప్రకారం హెచ్4 బల్బు లోబీమ్‌లో ఇచ్చేది దాదాపు 1,000 ల్యూమెన్లు (వెలుగుకు కొలత), హైబీమ్‌లో 1,650. నేను కొన్న డబ్బా మీద 20,000 అని ఉంది. నిజంగా అంత వెలుగిస్తే ఆ వేడికి వెనకున్న చిటికెన వేలంత ఫ్యాను ఏ మూలకు? హాలోజన్ వేడి చాలావరకు వెలుగుతోపాటు ముందుకు పోతుంది, ఎల్‌ఈడీ వేడి వెనక పేరుకుంటుంది. ఫ్యాను పట్టడం లేదని చాలామంది వెనక రబ్బరు మూత తీసేసి తిరుగుతారు. ఒక వానాకాలం గడిచేసరికి హెడ్‌లైటు లోపల చెమ్మ, దుమ్ము.

మరి నడిపేవాడికి అంత బాగా కనిపించినట్టు ఎందుకనిపిస్తుంది? కారు ముందు పది, పదిహేను మీటర్ల నేల ధగధగలాడుతుంది కాబట్టి. కన్ను ఆ దగ్గరి వెలుగుకు సర్దుకుని కంటిపాప చిన్నదవుతుంది. దాంతో అసలు చూడాల్సిన 60, 70 మీటర్ల దూరం ఇంకా చీకటిగా మారుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుటివాడి కళ్లు రెండు సెకన్లు చెదిరాయంటే 44 మీటర్లు గుడ్డిగా వచ్చినట్టే. శుక్లాలు మొదలైన పెద్దవాళ్లకైతే తేరుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇలా మార్చేవాళ్లందరూ పొగరుబోతులేం కాదు. కంపెనీలు పై వేరియంట్‌కు ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంప్ ఇచ్చి, అదే కారు కింది వేరియంట్‌కు హాలోజన్ రిఫ్లెక్టర్ అంటగడతాయి. రాత్రి రోడ్డు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఎత్తైన బండ్ల లైట్లు కళ్లలో కొడుతుంటే నేనూ వేయించుకుంటే పోలా అనిపించడం మానవ సహజం. ఔటర్ రింగ్ రోడ్డు మీద మధ్యలో మొక్కలు అడ్డుంటాయి కాబట్టి కొంత నయం. కాలనీ రోడ్లలో, ఊరు దాటాక రెండు వరసల రోడ్ల మీద ఆ అడ్డు కూడా లేదు. ఒకడు పెడితే ఎదుటివాడూ పెడతాడు. చివరికి అందరి కళ్లూ చెదిరేవే.

చట్టం సంగతి చూద్దాం. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాగితం మీద గట్టి చట్టమే. కానీ హెల్మెట్ లేకపోతే చలాన్ ఫొటోలో కనిపిస్తుంది. ఎదుటివాడి కళ్లు చెదరడం ఏ ఫొటోలో పడుతుంది? సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నేళ్లూ దాని హెడ్‌లైటును గోడ మీద వేసి చూసే ఆఫీసు ఒక్కటీ లేదు. బల్బులు మాత్రం పట్టపగలు షాపుల ముందు వేలాడుతుంటాయి. కొన్నవాడికి జరిమానా, అమ్మినవాడికి బిల్లు కూడా అక్కర్లేదు. ఇదేం లెక్కో!

జర్మనీలో ఇంకో దారి పట్టారు. అక్కడ 2020లో ఓస్రామ్ కంపెనీ ఎల్‌ఈడీ రెట్రోఫిట్ బల్బుకు, అంటే హాలోజన్ తీసి దాని చోట పెట్టుకునే బల్బుకు, అనుమతి వచ్చింది. అలాగని ఏ కారుకైనా పెట్టుకోవచ్చని కాదు. ఫలానా కారు, ఫలానా హెడ్‌ల్యాంప్ అని జాబితా ఉంటుంది, అందులో ఉంటేనే పెట్టుకోవాలి. బల్బునీ హెడ్‌ల్యాంప్‌నీ జతగా పరీక్షించాక ఇచ్చే అనుమతి అది. మన దగ్గరా ఇలాంటి జాబితా రావాలని నా వాదన. ఉట్టి నిషేధంతో రాణిగంజ్ మారదు. పరీక్ష నెగ్గిన బల్బు దొరుకుతుందంటే కొందరైనా దానికే డబ్బు పెడతారు.

ఈలోగా పాత కారుకు చెయ్యదగ్గది చాలా ఉంది. నా కారులో అసలు జబ్బు బల్బు కాదు. పదేళ్ల ఎండకు హెడ్‌లైటు ముందరి ప్లాస్టిక్ పచ్చబడి మసకేసింది. దాన్ని పాలిష్ పట్టించాను. రెండోది వైరింగు. బల్బు దగ్గరికి చేరే వోల్టేజీ పదో వంతు తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకని బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు అందించే రిలే కిట్ వేయించి, కంపెనీ చెప్పిన 60/55 వాట్ల బల్బులే మంచివి పెట్టించాను. ఫోకస్ సరిచేయించాను. స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం ఒకటి ఉంటుంది. వెనక సీటు, డిక్కీ నిండినప్పుడు లైట్లు దించడానికే అది. పదేళ్లలో దాన్ని నేను ఒక్కసారీ తిప్పలేదని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. నంబర్ ప్లేటు దగ్గర, కారు లోపల ఎల్‌ఈడీలు అలాగే ఉంచాను, వాటితో ఎవరి కళ్లకూ ఇబ్బంది లేదు. వెనక ఎర్ర లైటులో మాత్రం తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఎరుపు వెలిసిపోయి గులాబీ రంగులో వెలుగుతుంది, అది వద్దు.

తీసేసిన ఎల్‌ఈడీలు ఇంకా డబ్బాలోనే, ఫ్రిజ్ మీద ఉన్నాయి. సెల్లార్ పరీక్ష చేసిన రోజు మా బావమరిదిని కారుకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి లైట్లు వేశాను. ఐదు నిమిషాలు కళ్లు నులుముకున్నాడు. మొన్న ఇంటికొచ్చి ఆ డబ్బా చూసి, "వాడకపోతే నాకివ్వొచ్చు కదా బావా" అన్నాడు. వాడి కారు హోల్డర్‌కు హెచ్4 పట్టదు.