కాలే సహకరించలేదట!

గుంటూరు బ్రాడీపేటలోని మా అపార్టుమెంటు వాసులకు ఇక వైద్యశాస్త్రంతో అవసరం లేదని తెలియజేసుకోవడానికి సంతోషిస్తున్నాను. గత నెలలో ఒక ఆదివారం, లిఫ్టు మరమ్మతు కోసం పిలిచిన సమావేశాన్ని పక్కన పెట్టి, మా కార్యదర్శి గారు సెల్లారులో ఒక పెద్దమనిషిని మాకు పరిచయం చేశారు. ఆయన చేతిలో ముదురు గోధుమరంగు సీసా ఒకటి ఉంది. ముప్పై మిల్లీలీటర్ల ఆ సీసా వెల పన్నెండు వందల రూపాయలు. అందులో లవంగం, వాము, దాల్చినచెక్క, నీలగిరి తైలాలు ఉన్నాయనీ, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని మొండి క్రిములు దాని వాసనకే ప్రాణాలు విడుస్తాయనీ ఆయన సెలవిచ్చారు.

సాక్ష్యంగా ఒక ఫొటో చూపించారు. గాజు పళ్లెం నిండా క్రిములు పెరిగి ఉన్నాయి. మధ్యలో తైలంలో ముంచిన కాగితపు బిళ్ల, దాని చుట్టూ క్రిములు లేని గుండ్రటి ఖాళీ కనిపిస్తున్నాయి. పెళ్లిపీటల మీది వధూవరులు పట్టపగలు అరుంధతీ నక్షత్రాన్ని చూసినంత నమ్మకంగా మేమంతా ఆ ఖాళీని చూశాం. మూడో అంతస్తు పిన్నిగారు మోకాళ్ల నొప్పులకు పనికొస్తుందా అని అడిగారు, పనికొస్తుందన్నారు. రిటైరైన ఇంజినీరు గారు పైట్యాంకులోని పాచి సంగతి ఎత్తారు; పదివేల లీటర్లకు నాలుగు చుక్కలు చాలన్నారు. దోమలు పోతాయా అని మా వాచ్‌మన్ అడిగాడు. ఆ ఉదయం వినిపించిన ప్రశ్నల్లో కాస్త సబబైనది అదొక్కటే కాబట్టి దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మరో పావుగంట గడిస్తే లిఫ్టు తీగకు కూడా ఆ నూనె రాసేవాళ్లమే.

తైలాలను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పంటి నొప్పికి లవంగనూనె పెట్టిన అమ్మమ్మల్ని తప్పుపట్టే దమ్ము నాకు లేదు; అందులోని యూజెనాల్‌ను పంటివైద్యులు నేటికీ వాడుతున్నారు. పచ్చకర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు కలిపితే కళ్లముందే నీరై అమృతధార అయ్యే వింతను చిన్నప్పుడు నేనూ నోరు తెరుచుకుని చూశాను. ఆ వాము పువ్వే థైమాల్. ఇలాంటి పదార్థాలు బాక్టీరియా పైపొరలోని కొవ్వులో కరిగి, ఆ పొరను చిల్లులు పడేలా చేస్తాయి. పాత యాంటీబయాటిక్‌తో జోడిస్తే దాని పదును పెరుగుతుందా అన్న పరిశోధన ప్రయోగశాలల్లో నిజాయితీగానే జరుగుతోంది.

కాని గాజు పళ్లేనికి కాలేయం లేదు. మింగిన తైలాన్ని మన కాలేయం చకచకా మార్చేసి బయటికి పంపుతుంది, మిగిలినదాన్ని రక్తంలోని ప్రోటీన్లు పట్టేసుకుంటాయి, క్రిమి దగ్గరికి చేరవలసిన మోతాదు చేరదు. పోనీ మోతాదు పెంచుదామంటే, మన కణాల పైపొర కూడా కొవ్వుతో చేసిందే కదా! నీలగిరి తైలం, కర్పూరం పొరపాటున మింగిన పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయన్న సంగతి ఏ పిల్లల డాక్టరును అడిగినా చెబుతారు. పళ్లెంలో క్రిమి చావడమే అర్హత అయితే, ఏడాదంతా బూజు పట్టని ఆవకాయను పుండ్ల మీద పట్టు వేయడానికి మనం ఇంతకాలం ఎందుకు సందేహించామో నాకు బోధపడడం లేదు.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకు ఇరవై ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. కాలికి పుండు పడితే మందుల షాపువాడు చీటీ అడగకుండా మూడు రోజులకు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు చింపి ఇచ్చాడు. ఆ మందు అమ్మితే ప్రత్యేక రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టరు ఆ షాపులో ఏ దేవుడి పటం వెనుక ఉందో తెలియదు. చాలీచాలని మోతాదు వాడితే క్రిములు రాటుదేలతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. పుండు తగ్గలేదు. అప్పుడు మా సెల్లారు సభ నుంచి ఒక సీసా ఆయన బండి దగ్గరికి చేరింది. పదిహేను రోజులు రాసుకున్నాడు. పైన లవంగాల వాసన వచ్చింది, లోపల కాలు కుళ్లింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

నేను ఫోన్ చేసి నిలదీస్తే ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? నూనె తన పని తాను చేసిందట, కాలే సహకరించలేదట! ఇది అమాయకత్వం కాదు, అజ్ఞానం అంతకన్నా కాదు. పూటకింత సంపాదించుకునే మనిషి వేళ్ల మీద చేసిన వ్యాపారం. మందులకు లొంగని బాక్టీరియా 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో పన్నెండు లక్షల డెబ్బై వేల మంది చావుకు నేరుగా కారణమైందని అంచనా. ఆ భయాన్ని సీసాల్లో పోసి బిరడా బిగించి అమ్ముకునేవాడికి సిగ్గుండాలి. వాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఫొటో చూసి చప్పట్లు కొట్టిన మాకు ఇంకా ఎక్కువ ఉండాలి. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

మొన్న బట్టలు తెచ్చుకోవడానికి వెళితే ఆయన స్టూలు మీద కూర్చుని ఇస్త్రీ చేస్తున్నాడు. బండి కింద, బొగ్గుల సంచి పక్కన, ఆ సీసా ఇంకా ఉంది. అందులో సగం నూనె మిగిలింది.

"ఇంకా పారేయలేదేం?" అని అడిగాను.

"పన్నెండు వందలు పోసి కొన్నాం కదండీ," అన్నాడు.