డిఫాల్ట్ బ్రౌజర్‌తోనే ఎందుకు సరిపెట్టుకోవాలి?

ఫోన్ కొనే ముందు పది రివ్యూలు చూసేవాళ్లు కూడా, అందులో గంటల తరబడి వాడే బ్రౌజర్ గురించి ఒక్క నిమిషం ఆలోచించరు. కంపెనీ ఏది పెట్టి ఇస్తే అదే. ఈ అలవాటు ఖరీదెంతో అమెరికా కోర్టులో బయటపడింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్ డిఫాల్ట్‌గా ఉండేందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. జనం సెట్టింగ్స్ జోలికి వెళ్లరన్న ధీమా లేకపోతే అంత సొమ్ము ఎవరు పెడతారు?

అందుకే సూటిగా చెబుతున్నాను. ప్రకటనల మీద బతికే కంపెనీ తయారుచేసిన బ్రౌజర్‌ను, అంటే గూగుల్ క్రోమ్‌ను, రోజువారీ బ్రౌజింగ్‌కు వాడకండి. ఏది వేగం, ఏది ర్యామ్ ఎక్కువ తింటుంది అన్న చర్చకు కాలం చెల్లింది. మామూలు వాడకానికి ఇప్పుడు అన్నీ సరిపోతాయి. చూడాల్సింది ఆ బ్రౌజర్ ఎవరి ఆదాయాన్ని కాపాడుతోందన్నదే.

థర్డ్ పార్టీ కుకీల సంగతే తీసుకోండి. మనం తెరిచిన సైట్ కాకుండా వేరే కంపెనీలు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులివి. ఒక సైట్‌లో చూసిన చెప్పుల జత, వార్తలు చదివే ఇంకో సైట్‌లోనూ వెంటపడటానికి ప్రధానంగా ఇవే కారణం. యాపిల్ బ్రౌజర్ సఫారి వీటిని 2020 మార్చిలోనే పూర్తిగా ఆపేసింది. మొజిల్లా సంస్థ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్‌కే పరిమితం చేసి, ఒకచోటి సంగతి మరోచోట తెలియకుండా కట్టడి చేసింది. గూగుల్ కూడా రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో మాటిచ్చింది. వాయిదా మీద వాయిదా వేసి, చివరకు 2024 జులైలో ఆ ప్రయత్నం నుంచే వెనక్కి తగ్గింది. నియంత్రణ సంస్థల అభ్యంతరాలు కూడా అడ్డుపడ్డాయన్నది నిజమే. కానీ పోటీ బ్రౌజర్లు ఎప్పుడో చేసి చూపించిన పని అది! ఆ తర్వాత యాడ్ బ్లాకర్ల వంతు వచ్చింది. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) విషయంలో క్రోమ్ నిబంధనలు మారడంతో, యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ దానికి దూరమైంది. దాని బదులు దొరికే లైట్ వెర్షన్‌కు అంత సత్తా లేదు. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం అసలుది ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది.

క్రోమ్ భద్రంగా ఉంటుంది, లోపాలు బయటపడితే వెంటనే అప్‌డేట్ వస్తుంది, ఏ సైటూ మొరాయించదు అని వాదించేవారున్నారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. అయితే వేరేవాళ్లు దొంగిలించకుండా చూడటం ఒక రక్షణ, బ్రౌజర్ యజమానే మన అలవాట్లు లెక్కగట్టకుండా చూసుకోవడం ఇంకో రక్షణ. క్రోమ్ బలమంతా మొదటిదాంట్లోనే.

మూడో వాదన అన్నింటికంటే ప్రమాదకరం. సైట్లు క్రోమ్‌లో మొరాయించకపోవడానికి కారణం, చాలామంది డెవలపర్లు దాంట్లోనే పరీక్షించి వదిలేయడం. ఫైర్‌ఫాక్స్‌లో ఫారమ్ అంతా నింపాక సబ్మిట్ బటన్ నొక్కితే కదలదు. క్రోమ్‌లో తెరవమని సలహా వస్తుంది. తప్పు సైట్‌ది, చెడ్డపేరు ఫైర్‌ఫాక్స్‌కు. 2013లో ఒపెరా, 2020లో ఎడ్జ్ సొంత ఇంజన్లు (పేజీని తెరమీద చూపించే లోపలి ప్రోగ్రాములు) వదులుకుని, క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం బాట పట్టాయి. బ్రేవ్, వివాల్డి కూడా అదే. పైన రంగులు వేరు, లోపలి ఇంజన్ ఒకటే. విస్తృత వాడకంలో మిగిలినవి మూడే: గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. ఒకే బ్రౌజర్ రాజ్యమేలితే ఏమవుతుందో ఇదివరకే చూశాం. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాక, పోటీ లేదన్న నిశ్చింతతో మైక్రోసాఫ్ట్ తర్వాతి వెర్షన్‌కు 2006 దాకా తీసుకుంది. ఆ నిద్ర చెడగొట్టింది 2004లో వచ్చిన ఫైర్‌ఫాక్సే.

మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తోంది కదా అంటారు. నిజమే, అది నాకూ మింగుడుపడని విషయం. కానీ వాడేవాళ్లు తగ్గేకొద్దీ ఆ ఆధారపడటం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మారడానికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు నిమిషాల్లో కొత్త బ్రౌజర్‌లోకి వచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి: పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే, అవన్నీ ఎవరైనా చదవగలిగేలా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఇంపోర్ట్ అవగానే ఆ ఫైల్‌ను డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మొండికేసే ఒకటి రెండు సైట్ల కోసం పాత బ్రౌజర్‌ను పక్కన ఉంచుకున్నా నష్టం లేదు.

అయితే ఇదంతా వాడేవాళ్ల ఓపికకే వదిలేయడం అన్యాయం. సెర్చ్ గుత్తాధిపత్యంపై గూగుల్ మీద వేసిన కేసులో, క్రోమ్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ వాదనను 2025 సెప్టెంబరులో అమెరికా న్యాయమూర్తి తోసిపుచ్చారు. ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించినా, డిఫాల్ట్ కోసం డబ్బు చెల్లించడాన్ని ఆపలేదు. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం 2024 మార్చి నుంచి ఐఫోన్‌లోనూ, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ బ్రౌజర్ల జాబితా చూపించి ఎంచుకోమంటున్నారు. చట్టం ఒత్తిడితో అక్కడ వచ్చిన ఆ స్క్రీన్‌ను మిగతా ప్రపంచానికి చూపించడానికి సాంకేతికంగా ఏ ఆటంకమూ లేదు. ప్రతి దేశంలోని పోటీ నియంత్రణ సంస్థా దాన్ని తప్పనిసరి చేయాలి.