క్విన్నా ఆర్చా అని ఇంకా కొట్టుకుంటున్న మన వాళ్ళకి

నా మాట ముందే చెప్పేస్తా. 2024లో టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లాంగ్‌హార్న్స్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా స్టార్ట్ చేయాల్సింది క్విన్ యూయర్సే, 2025లో స్టార్ట్ చేయాల్సింది ఆర్చ్ మానింగే, కోచ్ సార్కీసియన్ రెండేళ్ళూ అదే చేశాడు, రెండేళ్ళూ జనం మాత్రం బెంచ్ మీద ఉన్నవాడిని ఆడించమని గోల పెట్టారు. 2024 అక్టోబర్‌లో క్విన్‌ని తీసేయ్ తీసేయ్ అన్న నోళ్ళే సరిగ్గా ఏడాది తిరిగేసరికి ఆర్చ్‌ని తీసేయ్ అన్నాయి. ఇప్పటికీ ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్ వైపు గానీ అటు డల్లాస్ పక్కన ఫ్రిస్కో వైపు గానీ ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా నలుగురు ప్లేట్లు పట్టుకుని ఒక పక్కన నిలబడితే చాలు ఇదే పంచాయితీ, అందుకే ఒకసారి పూర్తిగా రాసేద్దామని కూర్చున్నా.

ఫుట్‌బాల్ చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ప్లేలో బాల్ ముందు అతని చేతికే వస్తుంది. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ఛాన్సులు, వాటినే డౌన్స్ అంటారు. బాల్‌ని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, విసిరిన బాల్‌ని అవతలివాడు పట్టేస్తే ఇంటర్‌సెప్షన్, విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేస్తే శాక్. బాల్ చేతిలో పడ్డాక అతనికి ఉండేది మహా అయితే మూడు సెకన్లు, ఆ మూడు సెకన్లు దొరకాలంటే ముందు నిలబడే ఐదుగురు, ఒక్కొక్కడు నూటనలభై కిలోల మనిషి, అవతలి వాళ్ళని ఆపాలి. వాళ్ళు ఆపలేకపోతే వెనక ఎవడున్నా ఒకటే. ఈ ఐదుగురి గురించి మన గ్రూపుల్లో ఎవడైనా మాట్లాడగా నేను వినలేదు, మొత్తం గొడవంతా వెనక నిలబడిన ఒక్కడి మీదే.

సరే క్విన్ సంగతికొద్దాం. సార్కీసియన్ మొదటి సీజన్ 2021లో టెక్సాస్ 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు. కాన్సాస్‌తో కూడా ఓడిపోయిన సీజన్ అది, సొంత స్టేడియంలో. తర్వాత ఒహాయో స్టేట్ నుంచి క్విన్ ట్రాన్స్‌ఫర్ అయ్యి వచ్చాడు, 2022లో 8-5, 2023లో అలబామా వాళ్ళ సొంతూరు టస్కలూసాకి వెళ్ళి 34-24తో కొట్టి వచ్చాం, ఆ ఏడాదే అప్పటి మన లీగ్ బిగ్ 12 ఛాంపియన్‌షిప్ గెలిచాం, 2009 తర్వాత అదే మొదటిసారి, ఫైనల్లో ఓక్లహోమా స్టేట్ మీద క్విన్ 452 గజాలు విసిరాడు. జాతీయ కప్పు కోసం ఆడే ప్లేఆఫ్‌కి టెక్సాస్ వెళ్ళడం కూడా అదే మొదలు. దాని సెమీఫైనల్ షుగర్ బౌల్‌లో వాషింగ్టన్ మీద 37-31తో ఓడిపోయాం, ఆఖరి బాల్ దాకా మ్యాచ్‌లోనే ఉన్నాం. మళ్ళీ టెక్సాస్ పేరు చెప్తే అవతలి వాళ్ళు ఆలోచించే పరిస్థితి వచ్చింది, అందులో ఈ అబ్బాయి చెయ్యి ఎంత ఉందో లెక్కేసుకోండి.

2024 సెప్టెంబర్ 14, శాన్ ఆంటోనియో టీమ్ యూటీఎస్‌ఏతో మ్యాచ్. క్విన్‌కి పొట్ట పక్క కండరం పట్టేసి బయటికెళ్ళాడు, ఆర్చ్ వచ్చాడు. ఆ రోజు ఆర్చ్ ఆడింది చూసి ఒళ్ళు పులకరించని లాంగ్‌హార్న్ ఫ్యాన్ ఉంటే చెప్పండి. నాలుగు టచ్‌డౌన్ పాసులు, దానికి తోడు 67 గజాలు పరుగెత్తి ఒక టచ్‌డౌన్, వాళ్ళ బాబాయిలు పేటన్, ఈలై ఇద్దరూ పేరున్న క్వార్టర్‌బ్యాకులే, ఇద్దరికీ కలిపి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కప్పులు, అంటే సూపర్‌బౌల్స్, నాలుగు ఉన్నాయి గానీ వాళ్ళలో ఎవరూ జన్మలో అలా పరుగెత్తలేదు. స్కోర్ 56-7. తర్వాత రెండు వారాలు అతనే స్టార్ట్ చేశాడు, లూయిసియానా మన్రోని 51-3, మిసిసిపీ స్టేట్‌ని 35-13. ఇక అక్కడి నుంచి మొదలైంది, ఇంకా క్విన్ ఎందుకు, ఆ ఇంటిపేరు చూడు, ఆ కాళ్ళు చూడు అని. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు బెంచ్ మీద ఉన్న క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడూ ఆడుతున్నవాడి కన్నా గొప్పగానే కనిపిస్తాడు, ఎందుకంటే అతను ఓడిపోయిన మ్యాచ్ ఒక్కటీ మనం చూసి ఉండం. మన్రో మీద ఆర్చ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అది ఎవరికీ గుర్తులేదు. మిసిసిపీ స్టేట్ ఆ సీజన్ మొత్తం మీద గెలిచింది రెండే రెండు మ్యాచులు, అదీ ఎవరికీ గుర్తులేదు.

తర్వాత జార్జియా. అక్టోబర్ 19, ఆస్టిన్‌లో, మనం నంబర్ వన్ ర్యాంక్. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి 23-0. ఆ రోజు జరిగింది ఎవరికైనా వీడియో ఉంటే మళ్ళీ పెట్టుకుని చూడండి, క్విన్‌ని కాదు, లైన్‌ని చూడండి. జాలన్ వాకర్ అనే కుర్రాడు ఒక్కడే మూడు శాకులు కొట్టాడు. ఒకసారి లైన్ పక్క చివర ఎడ్జ్ నుంచి వస్తాడు, ఒకసారి మధ్యలోంచి వస్తాడు, వాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో లైన్ వాళ్ళకి తెలిసేలోపే క్విన్ మీద ఉంటున్నాడు. వెనక ఉండి పాసులు ఆపాల్సిన కార్నర్‌బ్యాక్ కూడా బ్లిట్జ్‌లో, అంటే అదనంగా క్వార్టర్‌బ్యాక్ మీదకి ఉరికి, వచ్చి చేతిలో బాల్ కొట్టేశాడు. క్విన్ బాగా ఆడాడా అంటే లేదు, ఆడలేదు, ఆ హాఫ్‌లో అతని కాళ్ళు కుదురుగా నిలబడలేదు, విసరాల్సిన బాల్ పట్టుకుని ఉండిపోయాడు. కానీ కోచ్ చేసిన పని చూడండి. సెకండ్ క్వార్టర్ చివర్లో ఆర్చ్‌ని రెండు సిరీసులు, అంటే బాల్ మన చేతికొచ్చిన రెండు సార్లు, ఆడించాడు, ఒక్క పాయింట్ రాలేదు, హాఫ్‌టైమ్ తర్వాత మళ్ళీ క్విన్‌ని పంపాడు. సార్కీసియన్ మొత్తం మీద సరిగ్గా చేశాడని పైన అన్నా గానీ ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తీస్తే తీసెయ్, ఉంచితే ఉంచు. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లాడు, భుజం మీద చెయ్యేసి నువ్వే అని చెప్పాల్సిన టైంలో, లక్ష మంది ముందు పక్కన కూర్చోబెట్టి, ఇరవై ఏళ్ళ ఇంకో పిల్లాడిని ఆ మంటలోకి తోసి, మళ్ళీ మొదటివాడిని వెళ్ళమంటే ఇద్దరికీ మంచిది కాదు. అయినా ఆ క్విన్ థర్డ్ క్వార్టర్‌లో 23-15 దాకా తెచ్చాడు. చివరికి 30-15. ఆ రాత్రి రిఫరీ ఇచ్చిన ఒక పెనాల్టీకి మన వాళ్ళు స్టాండ్స్ నుంచి నీళ్ళ బాటిళ్ళు గ్రౌండ్‌లోకి విసిరి రెండున్నర లక్షల డాలర్ల ఫైన్ కట్టించారు యూనివర్సిటీ చేత, అది వేరే సిగ్గు.

ఇక్కడ అందరూ తీసే బ్రహ్మాస్త్రం ఒకటుంది, అలబామా. 2018 జనవరి 8, అట్లాంటాలో నేషనల్ ఛాంపియన్‌షిప్, అదే జార్జియా మీద హాఫ్‌టైమ్‌కి 13-0తో వెనక ఉంటే వాళ్ళ కోచ్ నిక్ సేబన్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి బ్యాకప్ టువాని తెచ్చాడు, ఓవర్‌టైమ్‌లో సెకండ్ అండ్ 26 మీద, అంటే రెండో డౌన్‌లో ఇంకా 26 గజాలు కావాల్సినప్పుడు, డివాంటా స్మిత్‌కి 41 గజాల పాస్, 26-23, కప్పు. చూశావా అన్నా, దమ్మున్న కోచ్ అలా చేస్తాడు అంటారు. బాబూ, ఆ కథ సగమే చెప్తున్నారు మీరు. సేబన్ మార్చాడు, మార్చిన తర్వాత వెనక్కి తిప్పలేదు, మరుసటి ఏడాది కూడా టువానే స్టార్టర్. హర్ట్స్ ఆఫెన్స్ ఆ హాఫ్‌లో ఒక్క పాయింట్ పెట్టలేదు గానీ ఆ సమస్య ఆ ఒక్క రాత్రిది కాదు, అంతకు ముందు పెద్ద మ్యాచుల్లో కూడా పాసింగ్ ఆగిపోతోందని కోచింగ్ స్టాఫ్‌కి తెలుసు, రోజూ ప్రాక్టీస్‌లో టువా ఏం చేస్తున్నాడో వాళ్ళ కళ్ళతో చూశారు. ఇంకో సగం ఏంటంటే 2018 డిసెంబర్‌లో వాళ్ళ లీగ్ ఎస్‌ఈసీ ఛాంపియన్‌షిప్‌లో, మళ్ళీ అట్లాంటాలో, మళ్ళీ జార్జియా మీద, టువాకి దెబ్బ తగిలితే అదే హర్ట్స్ వచ్చి 35-28తో గెలిపించాడు. మీరు పనికిరాడన్న ఆ హర్ట్స్ తర్వాత సూపర్‌బౌల్ ఎంవీపీ అయ్యాడు. ఒక్క హాఫ్ చూసి మనిషి మీద ముద్ర వేసేస్తే ఇలాగే ఉంటుంది.

క్విన్ ఎందుకు కరెక్ట్ అని నన్ను ఒక్క ప్లే చూపించమంటే 2025 జనవరి 1, ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్ పీచ్ బౌల్ చూపిస్తా. అరిజోనా స్టేట్ మీద ఫోర్త్ క్వార్టర్‌లో 24-8తో ముందున్నాం, వాళ్ళు 24-24 చేసేశారు, చివర్లో మన కిక్కర్ గెలిపించాల్సిన కిక్కులు మిస్ అయ్యాడు. ఓవర్‌టైమ్‌లో వాళ్ళు ముందు టచ్‌డౌన్ కొట్టారు. మనకి ఫోర్త్ డౌన్, పదమూడు గజాలు కావాలి, రాకపోతే సీజన్ అక్కడితో అయిపోయింది. క్విన్ లైన్ దగ్గరికొచ్చి అవతలి డిఫెన్స్ నిలబడిన తీరు చూసి బ్లిట్జ్ వస్తోందని పట్టాడు, ప్రొటెక్షన్, అంటే తనకి అడ్డు నిలబడేవాళ్ళ అమరిక, మార్చాడు, వాళ్ళు అలాగే మీదకి వచ్చారు, మార్చిన ప్రొటెక్షన్ నిలబడింది, మాథ్యూ గోల్డెన్‌కి 28 గజాల టచ్‌డౌన్. తర్వాత రెండో ఓవర్‌టైమ్‌లో గన్నర్ హెల్మ్‌కి ఇంకోటి, 39-31. అక్కడ కావాల్సింది బలమైన చెయ్యి కాదు, పరుగెత్తే కాళ్ళు కాదు, మూడేళ్ళు ఆ కోచ్ కింద ఆ లైన్ వెనక నిలబడి చూసిన కళ్ళు. అప్పటికి కెరీర్ మొత్తంలో రెండే స్టార్టులున్న ఆర్చ్ ఆ బ్లిట్జ్‌ని చదివేవాడా? నేను ఆర్చ్‌కి పెద్ద ఫ్యాన్‌ని, అయినా చెప్తున్నా, ఆ రోజుకి చదవలేడు.

అలాగని ఆర్చ్‌ని అస్సలు ఆడించకూడదని నేనెప్పుడూ అనలేదు. స్టార్టర్‌ని మార్చడం వేరు, ఒక ప్లేకి ఒకడిని వాడుకోవడం వేరు. నవంబర్ 30న కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం మీద ఫోర్త్ డౌన్‌కి ఆర్చ్‌ని పంపితే 15 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసి వచ్చాడు, 17-7తో గెలిచాం. మరి జనవరి 10న ప్లేఆఫ్ సెమీఫైనల్ కాటన్ బౌల్‌లో ఒహాయో స్టేట్ మీద, 21-14తో వెనక ఉండి, గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో ఫస్ట్ డౌన్ ఉంటే ఆర్చ్ ఎక్కడ? మొదటి రన్ ఆగిపోయింది, రెండోది పక్కకి టాస్ చేసి ఏడు గజాలు వెనక్కి పోయాం, మూడోది పాస్ పడిపోయింది, నాలుగోది జాక్ సాయర్ వచ్చి క్విన్ చేతిలో బాల్ ఊడగొట్టి 83 గజాలు పరుగెత్తాడు. ఆ సాయర్ ఒహాయో స్టేట్‌లో ఉన్నప్పుడు క్విన్‌కి రూమ్మేట్. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పుడు కోపం తెచ్చుకోవాల్సింది ఆ టాస్ ప్లే మీద, ఆర్చ్‌ని ఆ ఒక్క గజానికి పంపకపోవడం మీద. జనం మాత్రం సీజన్ మొదటి నుంచీ ఆర్చ్ ఆడుంటే కప్పు మనదే అని తేల్చేశారు. లాస్ట్ ఫోర్‌లోకి వరసగా రెండో ఏడాది తీసుకెళ్ళినవాడికి ఇదీ మనం ఇచ్చిన వీడ్కోలు. ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఆఖరిదైన ఏడో రౌండ్‌లో మయామి డాల్ఫిన్స్ తీసుకుంటే, చూశావా మేము చెప్పలేదా అని దానికీ సంబరపడిన వాళ్ళున్నారు.

ఇక 2025. అడిగిన ఆర్చ్ వచ్చాడు, ప్రీసీజన్ నంబర్ వన్ ర్యాంక్. కానీ ముందు నిలబడే ఆ ఐదుగురిలో నలుగురు ఎన్‌ఎఫ్‌ఎల్ దారి పట్టారు, కెల్విన్ బ్యాంక్స్ లాంటివాడు తొమ్మిదో పిక్‌గా పోయాడు, గోల్డెన్ లేడు, హెల్మ్ లేడు. మొదటి మ్యాచే కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద, 14-7తో ఓటమి. రెండు వారాలకి ఎల్ పాసో టీమ్ యూటెప్ మీద, గెలుస్తున్న మ్యాచ్‌లో, సొంత స్టేడియంలో మన వాళ్ళే ఆర్చ్‌ని బూ అన్నారు. వరసగా పాసులు పడిపోతున్నాయి నిజమే, 25కి 11 మాత్రమే పడ్డాయి, అయినా మీ పిల్లాడేరా అతను, మీరు ఏడాది పాటు పేరు జపించిన పిల్లాడే. ఫ్లోరిడాలో 29-21తో ఓడిపోయిన రోజు ఆరు శాకులు తిన్నాడు. ఆరు సార్లు కింద పడేస్తే పేటన్ అయినా ఏం చేస్తాడు? ఆ వారమంతా నా ఫోన్ నిండా ఒకటే మెసేజులు, బ్యాకప్‌ని ఆడించాలి, ఇంటిపేరు తప్ప ఏం లేదు. ఆ తర్వాతి శనివారమే డల్లాస్‌లో ఓక్లహోమాని 23-6తో కొట్టాడు, 27కి 21 పాసులు. మిసిసిపీ స్టేట్ మీద తల అదిరేంత దెబ్బ తగిలేదాకా ఆడి ఓవర్‌టైమ్‌లో బయటికెళ్ళాడు, మాథ్యూ కాల్డ్‌వెల్ వచ్చి ఒక్క పాస్‌తో గెలిపించాడు, బ్యాకప్ అనేవాడు ఉండేది అందుకు. నవంబర్ చివర్లో ఒక్క ఓటమి లేకుండా వచ్చిన ఏ అండ్ ఎంని 27-17తో పంపించాడు. ప్లేఆఫ్ దక్కలేదు, రెగ్యులర్ సీజన్ 9-3 అయింది, బాధే. కానీ సెప్టెంబర్‌లో చూసిన ఆర్చ్‌కి నవంబర్‌లో చూసిన ఆర్చ్‌కి పోలికే లేదు, మధ్యలో తీసి పక్కన కూర్చోబెట్టి ఉంటే ఈ రెండో ఆర్చ్‌ని మనం చూసేవాళ్ళమే కాదు.

ఇంకో మాట, డబ్బులు తీసుకుంటున్నారు కదా తిట్టొచ్చు అనే వాళ్ళకి. ఎన్‌ఐఎల్, అంటే కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు, వచ్చింది 2021లో, పిల్లలకి నాలుగు డబ్బులు వస్తున్నాయి, రావాలి కూడా, వాళ్ళ మీద కాలేజీలు దశాబ్దాల పాటు కోట్లు సంపాదించాయి. దానికీ మనం నోటికొచ్చినట్టు అనడానికీ సంబంధం లేదు. ఈ రోజుల్లో ఒక ఏడాది బెంచ్ మీద కూర్చోబెడితే వేరే కాలేజీకి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వెళ్ళిపోతున్నారు, మన ఇంకో క్వార్టర్‌బ్యాక్ మాలిక్ మర్ఫీ 2023లో క్విన్‌కి భుజం దెబ్బ తగిలినప్పుడు రెండు మ్యాచులు గెలిపించి కూడా డ్యూక్‌కి వెళ్ళిపోయాడు, అతన్నీ తప్పు పట్టను. కానీ ఆర్చ్ ఆ ఇంటిపేరు పెట్టుకుని ఎక్కడికెళ్ళినా పల్లకీలో మోసేవాళ్ళు, రెండేళ్ళు నోరెత్తకుండా క్విన్ వెనక నిలబడ్డాడు, క్విన్ టచ్‌డౌన్ కొడితే ముందు ఎదురెళ్ళాడు. వాళ్ళిద్దరి మధ్య లేని గొడవ మన మధ్య ఎందుకు ఉందో నాకు అర్థం కాదు.

2026 సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తోంది. ఫస్ట్ క్వార్టర్‌లోనే ఆర్చ్ ఒక ఇంటర్‌సెప్షన్ ఇవ్వొచ్చు, రెండు శాకులు పడొచ్చు. అప్పుడు నాకు బ్యాకప్ గురించి మెసేజ్ పెట్టేముందు ఆ ప్లేలో ఆ ఐదుగురిలో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ ఎక్కడున్నాడో చూసి పెట్టండి, మాట్లాడదాం.